సీసీల మోజు

దుంగను పలకలుగా కోసుకోవడానికి ఏ చైన్‌సా కొనాలని ఎవర్నైనా అడిగి చూడండి. మిషన్లు అమ్మే కొట్టాయనైనా, యూట్యూబులో వీడియోలు పెట్టే కుర్రాడైనా, పక్క ఊళ్ళో కూలికి చెట్లు కోసే మేస్త్రీ అయినా చెప్పేది ఒకటే మాట: "ఉన్నవాటిలో పెద్దది తీసుకోండి." 58 సీసీ ఉన్నవాడికి 70 చెబుతారు, 70 ఉన్నవాడికి 90, 90 ఉన్నవాడికి 120. ఆపైన ఒక మనిషి మోసే మిషన్ మామూలు కొట్లలో దొరకదు కాబట్టి అక్కడ ఆగుతారు. దొరికితే అదీ చెప్పేవాళ్ళే.

ఈ సలహా ఇంతగా చెలామణీ కావడంలో వింతేమీ లేదు. ఇచ్చినవాడికి దీనివల్ల ఎప్పుడూ మాట రాదు. పెద్ద మిషన్ కొన్నాక కోత సాగితే సలహా ఫలించినట్టు. సాగకపోతే ఇంకా పెద్దది కొనాల్సిందన్నట్టు. డబ్బు మాత్రం మనది. ఈ సలహా చాలామంది విషయంలో తప్పని, మన పొలాల్లో దొరికే దుంగల విషయంలో మరీ తప్పని నా వాదన. ఉన్న మిషన్‌తో పలక రావడం లేదంటే ముందు అనుమానించాల్సింది చైన్‌ని, ఆ తర్వాత దుంగని, ఆ తర్వాత తోస్తున్న మనిషిని. ఇంజను వంతు చివర్న వస్తుంది. మనవాళ్ళు దాంతోనే మొదలుపెడతారు.

వాళ్ళ మాటలో ఉన్న నిజం ముందు ఒప్పుకుంటాను. అడ్డకోత వేరు, నిలువు కోత వేరు. చెట్టు పడగొట్టి ముక్కలు చేసేటప్పుడు మిషన్ కాసేపు అరుస్తుంది, కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది. పలక తీసేటప్పుడు ఆ తెరిపి ఉండదు. అలాస్కన్ మిల్ అనే చట్రాన్ని బార్‌కి బిగిస్తారు. దుంగ మీద తిన్నగా ఉన్న నిచ్చెననో పలకనో కదలకుండా బిగించి, మొదటి కోతకి దాన్నే పట్టాగా వాడుకుని చట్రాన్ని తోసుకుంటూ పోతారు. బార్ దుంగకి అడ్డంగా పడుకుని ఉంటుంది, కోత మాత్రం పొడుగునా నడుస్తుంది. కాబట్టి ప్రతి పన్నూ చెక్క నారల కొసలని ఎదురుగా కొట్టాలి. దుంగ వెడల్పు ఎంతో అంతమేరా పళ్ళు ఒకేసారి చెక్కలో ఉంటాయి. పదడుగుల దుంగ మీద ఒక్క కోత పూర్తయ్యేదాకా, నిమిషాల తరబడి, ఫుల్ యాక్సిలరేటర్ మీదే ఉండాలి. కొబ్బరి మట్టలూ కంపా కొట్టుకునే 40, 45 సీసీ మిషన్‌కి ఇది తగని పని. దానికి చట్రం బిగించి రెండడుగుల చింతమొద్దు మీద పెట్టేవాడి తరఫున నేను వకాల్తా పుచ్చుకోను.

పేచీ అంతా ఆ పైమెట్టు దగ్గర. 60, 70 సీసీ మిషన్ చేతిలో ఉన్నవాడు కూడా కోత నెమ్మదిగా ఉందనగానే ఇంకా పెద్దదాని కోసం అప్పు చేయాలా?

ముందు ఈ సీసీ సంగతే చూద్దాం. సిలిండర్‌లో పిస్టన్ కదిలే జాగా కొలత అది. ఆ జాగాలోంచి ఎంత బలం పిండుకోవాలన్నది ఇంజను తయారీని బట్టి ఉంటుంది. స్టిల్ కంపెనీ ఎంఎస్ 382 మిషన్ 72.2 సీసీ, దాని బలం 3.9 కిలోవాట్లు. అదే కంపెనీ ఎంఎస్ 462 కూడా అచ్చంగా 72.2 సీసీయే. బలం 4.4 కిలోవాట్లు. ఆసియా, ఆఫ్రికా అడవుల్లో దశాబ్దాల తరబడి పేరుమోసిన పాత 070 మిషన్ 105 సీసీ పైచిలుకు. అది ఇచ్చేది 4.8 కిలోవాట్లు. అంటే 33 సీసీలు అదనంగా మోసినందుకు 462 మీద దక్కింది అర కిలోవాట్ కూడా కాదు. 070 తక్కువ స్పీడులోనూ ఆగకుండా లాగుతుందనేది నిజమే, దాని లాగుడు వేరు. అయినా కొట్లో మనం అడిగేదీ, వాళ్ళు చెప్పేదీ సీసీ ఒక్కటే. కిలోవాట్ల అంకె కంపెనీ కరపత్రంలో ఉంటుంది, దాన్ని తిప్పి చూసేవాడు అరుదు. చవక మిషన్ల పెట్టెల మీద సీసీ అంకె అరచేతంత అచ్చేస్తారు, కిలోవాట్లు ఏ మూలో ఉంటాయి.

సరే, కిలోవాట్లే చూసి కొన్నాం అనుకుందాం. ఆ కిలోవాట్లు ఎక్కడ ఖర్చవుతున్నాయి? చైన్ గాడి చేసినంత మేరా చెక్కని పొట్టు చేయడంలో. గాడి వెడల్పు, దుంగ వెడల్పు, ముందుకి పోయే వేగం, ఈ మూడింటి లెక్కే ఇంజను మీద పడే బరువు. మామూలు 3/8 చైన్ తీసే గాడి సుమారు 9 మిల్లీమీటర్లు. లో-ప్రొఫైల్ అని అమ్మే సన్నరకం 3/8 చైన్ గాడి సుమారు 7 మిల్లీమీటర్లు. రెండడుగుల వెడల్పు దుంగలో మీటరు దూరం పోయేసరికి లావు చైన్ దాదాపు ఐదున్నర లీటర్ల చెక్కని పొట్టు చేస్తుంది. సన్న చైన్ చేసేది నాలుగుంబావు లీటర్లు. అదే ఇంజను, అదే పెట్రోలు, చేయాల్సిన పని ఐదోవంతుకి పైగా తగ్గింది. ఆ మేరకు వేగం నాలుగోవంతుకి పైగా పెరగాలి.

ఇప్పుడు దీని పక్కన ఇంజను లెక్క పెట్టండి. 462 అమ్మేసి 91.1 సీసీ ఎంఎస్ 661 కొంటే 4.4 కిలోవాట్ల నుంచి 5.4కి వెళతాం. ఇదీ నాలుగోవంతుకి కాస్త తక్కువ పెరుగుదలే. ఒక బారూ చైనూ మార్చి సాధించేదాన్ని, ఒక మిషన్ అమ్మి ఇంకో మిషన్ కొని సాధిస్తున్నామన్నమాట. స్వీడన్‌లో 1989లో మొదలై చైన్‌సా మిల్లులనే జీవనాధారం చేసుకున్న లోగోసోల్ కంపెనీ సన్న చైన్‌కి సరిపడే బార్లు ప్రత్యేకంగా అమ్మేది ఈ లెక్క తెలిసే.

దీనికో మినహాయింపు ఉంది, దాచను. సన్న చైన్ లింకులు పలచన. పెద్ద ఇంజను బలానికి అవి సాగుతాయి, తెగే ప్రమాదమూ ఉంది. మరీ పొడుగు బార్ల మీద దాన్ని వాడకూడదు. అందుకే అది మధ్యరకం మిషన్‌కే నప్పుతుంది. ఈ మినహాయింపు కూడా చివరికి నా వైపే సాక్ష్యం చెబుతోంది. 120 సీసీ మిషన్‌కి సాధారణంగా వేసేది .404 చైన్. దాని గాడి సెంటీమీటరుకి దగ్గర పడుతుంది. కొత్తగా కొన్న బలంలో కొంత కొత్తగా పెరిగిన పొట్టుకే ఖర్చు. పైగా ఆ మిషన్ కొన్నవాడు 36 అంగుళాల బార్ వేయకుండా ఊరుకోడు. బార్ పొడుగైతే చైన్ పొడుగు, రాపిడి ఎక్కువ, ఆయిల్ ఎక్కువ, పదును పెట్టాల్సిన పళ్ళు ఎక్కువ.

అసలు కథంతా ఆ పళ్ళ దగ్గరే ఉంది. 36 అంగుళాల బార్ మీద 3/8 చైన్‌కి ఇంచుమించు 57 పళ్ళుంటాయి. సగం ఎడమకి, సగం కుడికి తిరిగి ఉంటాయి. కొట్లో చుట్ట విప్పి ఇచ్చే చైన్ అడ్డకోతకి రుద్దింది. పన్ను పైఅంచు 30 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది. నిలువు కోతకి ఆ ఏటవాలు 10 డిగ్రీలకి తగ్గించిన చైన్లు వేరే ఉన్నాయి. దొరక్కపోతే ఉన్న చైన్‌నే పదును పెట్టిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా 10కి తెచ్చుకోవచ్చు. దాంతో వేగం ఎంత పెరుగుతుందన్న దాని మీద వాదనలు ఉన్నాయి గానీ, చైన్ పక్కలకి లాగకపోవడం, పలక మీద గీతలు తగ్గి చిత్రిక పని కలిసిరావడం కళ్ళకి కనిపించేవి.

పదును పెట్టే మనిషిని ఒకసారి దగ్గరగా చూడండి. కుడిచేతి వాటం వాడికి ఒక వరస పళ్ళు చేతికి సుళువుగా వస్తాయి, ఇంకో వరస రావు. సుళువైన వైపు ఆకురాయి నాలుగుసార్లు పోతే, రెండో వైపు రెండుసార్లు పోతుంది. కొన్నాళ్ళకి ఒక వైపు పళ్ళు పొట్టి, ఇంకో వైపు పొడుగు. అడ్డకోతలో ఈ తేడా పెద్దగా తెలియదు, నిలువు కోతలో బయటపడుతుంది. చైన్ ఒక పక్కకి ఒరుగుతుంది, బార్ గాడిలో బిగుసుకుంటుంది, పలక ఒక అంచున లావుగా, ఇంకో అంచున పలచగా వస్తుంది, ఇంజను గుక్కపట్టి ఏడుస్తుంది.

ఇంకోటుంది. ప్రతి పన్ను ముందూ చిన్న మూపురం లాంటి డెప్త్‌గేజ్ ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. పన్ను కొసకీ దానికీ ఎత్తులో తేడా చాలా చైన్లకి అర మిల్లీమీటరు పైన ఉంటుంది, 0.65 అని కంపెనీ రాస్తుంది. పన్ను పైభాగం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, అరిగి వెనక్కి పోయేకొద్దీ దాని ఎత్తు తగ్గుతుంది. డెప్త్‌గేజ్‌ని కూడా అప్పుడప్పుడూ చదును ఆకురాయితో తగ్గించుకుంటూ పోవాలి. ఇది చేసేవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. చేయకపోతే పన్ను ఎంత మెరుస్తున్నా చెక్కని గీరడమే తప్ప కొరకదు. ఇక కొందరు, ఎవరో చెప్పగా విని, కోత దూకుడుగా ఉండాలని డెప్త్‌గేజ్‌ని మరీ కిందికి రుద్దేస్తారు. అప్పుడు పన్ను అవసరానికి మించి కొరికి, ప్రతి బారెడుకీ ఇంజను మొరాయిస్తుంది. రెండు చోట్లా వినిపించే ఫిర్యాదు ఒకటే: మిషన్‌కి బలం చాలడం లేదు. ఆడలేక మద్దెల ఓడు.

పదును పోయిందని ఎలా తెలుసుకోవాలన్న దగ్గర కూడా తప్పుడు సూత్రం ఒకటి తిరుగుతోంది. పొట్టు పిండిలా రాలుతోందంటే చైన్ మొద్దుబారిందని. అడ్డకోతలో అది నిజం. చట్రం బిగించి పలక తీసేటప్పుడు నారల కొసల్ని కొడుతున్నాం కాబట్టి అప్పుడే పదును పెట్టిన చైన్ కూడా సన్న రవ్వే రాలుస్తుంది. పొట్టుని చూసి బెంగపడక్కర్లేదు. చేతుల్ని చూసుకోవాలి. చట్రాన్ని ఆనిస్తే తనంతట తాను ముందుకి పోతోందా, రొమ్ము పెట్టి తొయ్యాల్సి వస్తోందా? దుంగ ఒక కొస కింద మొద్దు పెట్టి కాస్త ఎత్తు చేసి, పల్లానికి కోస్తే మిషన్ బరువే సగం తోస్తుంది. అలా పెట్టినా తొయ్యాల్సి వస్తుంటే మిషన్ ఆపి ఆకురాయి తియ్యడమే.

మన దుంగల సంగతి మరీ ప్రత్యేకం. అడవి చెట్టు కాదు, ఊరి చెట్టు. గట్టు మీద వేపచెట్టులో మేకు లేకుండా ఉండటం కల్ల. పశువుల్ని కట్టడానికి కొట్టిన గూటం, ముళ్ళకంచె తీగ, బట్టలారేసే తాడు కొక్కెం, ఎన్నికలప్పుడు కొట్టిన రేకు బోర్డు మేకులు, అన్నీ బెరడు కింద దాక్కుని ఉంటాయి. పాత మామిడి తొర్రలో చెదలు నింపిన మన్ను ఉంటుంది. ట్రాక్టర్‌కి కట్టి బురదలో ఈడ్చుకొచ్చిన దుంగ బెరడు నిండా ఇసక. చైన్ సెకనుకి 20 మీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. ఇసక పట్టిన బెరడు మీదుగా ఒక్క జానెడు పోతే చాలు, పొద్దున పెట్టిన పదును గోవిందా. 120 సీసీ ఇంజను ఇసకని ఏమీ చేయలేదు, చైన్‌ని ఇంకాస్త త్వరగా అరగదీస్తుంది. గాడి పడే మేరా బెరడుని కత్తితో చెక్కేసి, దుంగని నీళ్ళతో కడిగి, అనుమానమున్న చోట మెటల్ డిటెక్టర్ తిప్పి చూసుకుంటే ఏ ఇంజనూ ఇవ్వలేని వేగం వస్తుంది.

కొబ్బరి దీనికి మంచి ఉదాహరణ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. అంతకు ముందు 1996 నవంబరు తుపాను కోనసీమలో చేసిందీ అదే. పడిన కొబ్బరి మాను అడ్డంకొలత అడుగుకి అటూ ఇటూ. వెడల్పుని బట్టి చూస్తే ఏ మధ్యరకం మిషనైనా నమిలి పారేయాలి. కానీ కొబ్బరి చెక్క చుట్టూ గట్టి, నడుమ మెత్తన. ఆ గట్టి పొరలో నారా, ఇసక గుణమూ కలిసి పళ్ళని అరగదీస్తాయి. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరి కలపతో ఇళ్ళు కట్టుకునేవాళ్ళు చైన్‌సాతోనే పలకలు తీస్తారు. వాళ్ళ కష్టమంతా ఇంజను దగ్గర కాదు, చైన్ పదును నిలవకపోవడం దగ్గర. అడుగు మానుని కోయలేక 90 సీసీ మిషన్ కొన్నవాడు అదే చైన్‌ని అదే మాను మీద మళ్ళీ మొద్దుబార్చుకుంటాడు.

ఇంజనే లేని రోజుల్లో ఈ పని ఎలా జరిగిందో ఒక్కసారి తలుచుకోండి. కోరంగి, తాళ్ళరేవుల్లో ఓడలు కట్టిన కలప, పాత మండువా ఇళ్ళలో ఇప్పటికీ నిలబడి ఉన్న దూలాలు కోసింది ఇద్దరు మనుషులు. ఒకడు దుంగ పైన, ఒకడు గోతిలో. ఇద్దరూ కలిసి రోజంతా నిలకడగా ఇవ్వగలిగే బలం కిలోవాట్‌లో ఐదోవంతు కూడా ఉండదు. వాళ్ళు రంపం పలచగా ఉంచుకున్నారు, పళ్ళకి ఆకురాయి పట్టడాన్ని పనిలో భాగంగా చూశారు తప్ప పనికి అంతరాయంగా చూడలేదు. వాళ్ళ కాలానికి తిరిగి పోదామని కాదు. నడుములు పోయే చాకిరీ అది, పోవడమే మంచిదైంది. కానీ ఐదోవంతు కిలోవాట్‌తో దూలం కోసిన చోట 4 కిలోవాట్లు చాలవని చెబితే, లోపం ఎక్కడుందో అడిగే హక్కు మనకుంది.

"అంతా బాగుందండీ, చిన్న మిషన్ వేడెక్కి కాలిపోతుంది కదా, పెద్దదైతే సుఖంగా పనిచేస్తుంది" అంటారు. ఇది అవతలివాళ్ళ గట్టి వాదన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. బలానికి మించిన పని రోజూ చేయిస్తే ఏ ఇంజనూ నిలవదు. అయితే పిస్టన్ పట్టేసిన మిషన్‌ని విప్పి చూసే మెకానిక్‌ని అడగండి, అతను చెప్పే కారణాల్లో సీసీ ముందు వరసలో ఉండదు. పెట్రోలులో 2టీ ఆయిల్ కంపెనీ చెప్పిన పాళ్ళలో కలపకపోవడం. అది 50కి 1 అయితే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25కి 1 అయితే 40. ఈ రెండింటినీ తారుమారు చేసేవాళ్ళు బోలెడుమంది. ఎయిర్‌ఫిల్టర్ పొట్టుతో పూడుకుపోవడం. అడ్డకోతకి సరిపోయే కార్బొరేటర్ సెట్టింగుతోనే నిలువు కోతకి దిగడం. ఎడతెగని ఫుల్ స్పీడుకి పెట్రోలు పాలు కాస్త ఎక్కువగా అందేట్టు స్క్రూ తిప్పుకోవాలి. కంప్యూటర్ ఉన్న కొత్త మిషన్లు ఆ పని తామే చూసుకుంటాయి. కోత పూర్తవగానే టక్కున ఆపేయడం. ఒక నిమిషం ఐడిల్‌లో తిరగనిస్తే ఫ్యాన్ గాలికి సిలిండర్ చల్లబడుతుంది. అన్నిటికీ మించి, మొద్దు చైన్‌తో తోయడం. వీటిలో ఏ ఒక్కటీ 120 సీసీకి మారితే మాయమయ్యేది కాదు. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రెండింటికి దుంగ మీద మిషన్ పెట్టేవాడికి ఎంత పెద్ద సిలిండరైనా ఒకటే. పొద్దున్నే కోసుకోండి.

ఇక దుంగ కొలత దగ్గరికి వద్దాం. కలప అడితిలో మాట్లాడేది చుట్టుకొలతలో. అందుకే మన మనసులో దుంగలు ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపిస్తాయి. మూడడుగుల చుట్టుకొలత టేకు అంటే గట్టి మానుగా వినిపిస్తుంది. అడ్డంకొలత చూస్తే పదకొండున్నర అంగుళాలు. గట్ల మీద పెంచుకున్న టేకు అత్యధికం ఈ కొలతలోనో, ఇంకా లోపునో ఉంటుంది. ఆరడుగుల చుట్టుకొలత వేప ఊళ్ళో పెద్దచెట్టు కింద లెక్క. దాని అడ్డంకొలత 23 అంగుళాలు. మొదటిదానికి 60 సీసీ చాలు. రెండోదానికి 70 సీసీ మిషన్, పదునైన చైన్, కాస్త ఓర్పు చాలు. ఓర్పు లేకపోతే దుంగని ఇనప చీలలు కొట్టి నిలువునా రెండుగా చీల్చుకుని, ఆ సగాల్ని కోసుకోవచ్చు. చెట్టు కొట్టడానికి వాల్టా చట్టం కింద అనుమతి తెచ్చుకోవడానికి తిరిగే రోజులతో పోలిస్తే, నెమ్మదిగా నడిచే మిషన్ దగ్గర పోయే గంట ఏపాటిది?

టేకు అన్నాను కాబట్టి ఇంకో లెక్క. అంగుళం మందం పలకలు తీస్తున్నారనుకోండి. 25 మిల్లీమీటర్ల పలక, పక్కన 9 మిల్లీమీటర్ల గాడి. దుంగలో నాలుగోవంతు పొట్టయిపోయింది. కోతమిల్లులో బ్యాండ్‌సా బ్లేడు తినేది రెండు, మూడు మిల్లీమీటర్లు. అక్కడ పోయేది పదోవంతు. ఘనపుటడుగు చొప్పున వేల రూపాయలు పలికే టేకు చేవని చైన్‌సాతో అంగుళం పలకలు చేయడం దండగ పని. ఇంజను పెంచితే ఈ దండగ తగ్గదు, త్వరగా పూర్తవుతుందంతే. చైన్‌సా మిల్లు అసలు అక్కర వేరే చోట ఉంది. లారీ పోని కాలవగట్టు అవతల పడిన మాను, క్రేన్ అద్దె కలప ధరని మించే మాను, రెండు మూడంగుళాల మందం బల్లచెక్కలు, దూలాలు. నాలుగంగుళాల దూలాలు తీస్తే అదే 9 మిల్లీమీటర్ల గాడి వల్ల పోయేది పన్నెండోవంతే. దుంగని అక్కడే నాలుగు వైపులా చెక్కేసి, మోయగలిగిన ముక్కలు చేసి, సన్న పలకల పని మిల్లుకి వదిలేస్తే, 70 సీసీ మిషన్ చేసే కోతలు తక్కువ, మిగిలే కలప ఎక్కువ.

పెద్ద మిషన్ల పక్షం వాళ్ళు తరచూ చూపించే సాక్ష్యం గయానా, ఘనా. అక్కడ అడవిలో చైన్‌సాతోనే పలకలు కోసి బతికేవాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళ చేతుల్లో ఉండేవి పెద్ద మిషన్లే. నిజమే. ఘనాలో 1998లో ప్రభుత్వం ఆ కలప అమ్మకాన్ని నిషేధించినా పని ఆగలేదు. అయితే వాళ్ళు కోసేది ఏమిటి? దారిలేని అడవిలో, పెద్ద పెద్ద మొదళ్ళున్న చెట్లు. చట్రం లేకుండా, గీత గీసుకుని, చేతి అంచనాతో కోస్తారు. గాడి లావు, వంకర, పొట్టు గుట్టలు. చెట్టు ఎంత వృథా అయినా ఆ లెక్క వాళ్ళ జేబులోంచి పోదు. మన రైతుకి ఉన్నది ఒక మాను, రెండు మాన్లు. ప్రతి పలకా ఇంటి గుమ్మానికో మంచానికో లెక్కేసుకున్నది. వాళ్ళ మిషన్‌ని మనం అరువు తెచ్చుకుంటే వాళ్ళ అడవి కూడా వెంట రావాలి కదా!

బరువు సంగతి క్లుప్తంగా చెబుతాను. 462 ఆరు కిలోలు. 120 సీసీ వరసలో ఉన్న స్టిల్ ఎంఎస్ 881 దాదాపు పది. అదే వరసలోని హస్క్‌వర్నా 3120 పది దాటుతుంది. ఇవి బారూ చైనూ లేకుండా, పెట్రోలు పోయకుండా. వాటికి చట్రం, పొడుగు బార్ తగిలించి, నడుం వంచి, పొగ పీలుస్తూ, చేతులు తిమ్మిరెక్కే అదురుతో పలక తర్వాత పలక తీయాలి. అలసిన మనిషి చేతిలో చైన్‌సా ఏం చేస్తుందో వివరంగా రాయక్కర్లేదు. స్పేర్లు కూడా చూసుకోవాలి. మధ్యరకం మిషన్ చైను, క్లచ్చు, ఆయిల్ పంపు జిల్లా కేంద్రంలో దొరుకుతాయి. పెద్దదానికి పట్నం నుంచి తెప్పించుకోవాలి. ఈలోగా వానకి దుంగ తడుస్తుంటుంది.

ఇన్ని చెప్పినా ఈ మోజు ఆగదు, దాని వెనకున్నది రైతు అవసరం కాదు గనక. హైదరాబాదు, బెంగుళూరు ఇళ్ళలో చెట్టు అంచు చెక్కకుండా అలాగే వదిలేసిన మూడడుగుల వెడల్పు భోజనబల్లల ఫ్యాషన్ వచ్చింది. నిద్రగన్నేరు మొద్దుల్ని అడ్డంకొలత మొత్తం ఒకే పలకగా తీయాలి. దానికి చీల్చడం కుదరదు, సన్న చైన్ కుదరదు, పొడుగు బార్, పెద్ద ఇంజను తప్పవు. ఆ వ్యాపారంలో ఉన్నవాడు, ఏడాది పొడుగునా రెండున్నర అడుగుల పైబడిన మొద్దులు కోసేవాడు 120 సీసీ మిషన్ కొనుక్కోవాల్సిందే. మూడు చైన్లు మార్చి మార్చి వాడుకోవాలి, బార్ కొసన ఇంకో ఆయిల్ డబ్బా బిగించుకోవాలి. పచ్చి పలక అంచులకి రంగు పూసి, నీడలో, మధ్య పుల్లలు పెట్టి ఆరబెట్టే జాగా కూడా ఉండాలి. మందం అంగుళానికి ఏడాది చొప్పున ఆరనివ్వకపోతే అంత వెడల్పు పలక దోనెలా వంగుతుంది, లేదా నడిమికి పగులుతుంది. వీడియోల్లో మిషన్ పలకని కోసి ఎత్తడం చూపిస్తారు. ఆరు నెలల తర్వాత ఆ పలక మళ్ళీ తెర మీద కనిపించదు.

మిగతావాళ్ళ గట్టు మీద ఎప్పుడో ఒకసారి మూడడుగుల చింతమొద్దు పడుతుంది. దానికోసం మిషన్ కొనక్కర్లేదు. పెద్ద మిషన్ ఉన్నవాడు చుట్టుపక్కల మండలాల్లో ఎక్కడో ఒకడు ఉంటాడు, కొన్న అప్పు తీరక కోత పనికోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. రోజు కూలికి పిలవండి. అతను వచ్చేలోపు దుంగ కడిగి, బెరడు చెక్కి, మేకులు పీకి ఉంచండి. రాగానే మిషన్ సీసీ అడక్కండి, చైన్ ఎప్పుడు రుద్దాడో అడగండి.